రికార్డుల్ని ఎండలో పెట్టకండయ్యా

కడపలో పాత సామాన్ల అంగళ్లలో అప్పుడప్పుడు గ్రామఫోన్ రికార్డులు దొరుకుతాయి. కానీ వాటిని ఉంచే తీరు చూస్తే కడుపు మండుతుంది. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలోనే బయట బల్ల మీద ఒకదానిపై ఒకటి పేర్చేస్తారు. ఎల్‌పీ రికార్డు, అంటే ఎక్కువసేపు పాడే పెద్ద రికార్డు, వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసింది. వేడికి అప్పడంలా వంకర పోతుంది. ఇక ముల్లు దాని మీద ఎగిరెగిరి పడుతుంది, పాట ఊగిపోతుంది. నీడలో నిలువుగా పెట్టడానికి ఖర్చేముంది?

నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు 78 స్పీడు రికార్డుల గతి ఇంకా ఘోరం. అవి లక్కతో చేసినవి, చెయ్యి జారితే ముక్కలే. మామూలుగా ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాలే. ఆ కాస్త సమయంలోనే మనవాళ్లు నాటక పద్యాలు రాగం తీసి పాడారు. అలాంటి రికార్డు చూపించి అంగడాయన, "తీసుకో సార్, రంగేసి గోడకు తగిలిస్తే బాగుంటుంది" అంటాడు. ఎంత నొప్పిగా ఉంటుందో! కొందరు నడిమధ్య రంధ్రం పెద్దది చేసి గడియారమే బిగిస్తారు. లేబుల్ మీద పాడినామె పేరు సగం పోతుంది. అది వస్తువు కాదండీ, ఒక మనిషి గొంతు!

పైగా ధర స్టిక్కర్ తెచ్చి ఆ లేబుల్ మీదే అంటిస్తారు. పీకితే కాగితం చిరుగుతుంది. ధర చీటీ మీద రాసి కవర్లో పెట్టండి చాలు, బేరమాడకుండా కొనుక్కుంటాను.