34 నడుము

బట్టల కొట్లో ఎవరడిగినా నా నడుము 34 అనే చెబుతాను. ఇరవై ఏళ్లుగా అదే మాట. ఆ మాట మొన్న సెలవు రోజున మా వరండాలో పోయింది.

ముప్పై దాటిన వాళ్లలో బీపీ, షుగర్ ముప్పు ఎవరికుందో చూడ్డానికి మా వీధి ఆశా వర్కర్ ఇంటింటికీ తిరిగి ఫారం నింపుతోంది. అప్పటికి నేను మూడో పెసరట్టు ఉప్మాతో సహా ముగించి, లుంగీలో పేపరు చదువుతున్నాను. సిగరెట్టు లేదు, మందు లేదు అని రొమ్ము విరుచుకుని చెప్పాను. "వారానికి 150 నిమిషాలైనా నడుస్తారా బాబాయ్ గారూ?" అంది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. ఆ అమ్మాయి ఆ నవ్వునే జవాబుగా రాసుకుంది.

తర్వాత సంచీలోంచి టేపు తీసింది.

"ఎందుకమ్మా శ్రమ, 34 అని రాసేసుకో."

"అది ప్యాంటు సైజండీ. నాకు పొట్ట కావాలి."

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. మగాడు కట్టుకునేవన్నీ పొట్ట కిందే ఉంటాయి. మొలతాడు, బెల్టు, లుంగీ, అన్నీ. పొట్ట ఏటేటా ముందుకొస్తుంటే ఇవి మర్యాదగా కిందికి జరిగి దారిస్తాయి. కాబట్టి 34 అబద్ధమేం కాదు. కాకపోతే అది కింది వాటా కొలత.

చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యన టేపు పెట్టాలట. ఆ ఎముకలు నాకున్నాయని నేనే మర్చిపోయాను. "మీరే వెతికి చూపించండి" అంది. వెతికాను. దొరికాయనే చెప్పాను. టేపు చుట్టడానికి మా ఆవిడ వచ్చి, ఒక కొస పట్టుకుని గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు నా చుట్టూ తిరిగింది.

నేను ఊపిరి బిగించి పొట్ట లోపలికి లాగాను.

"గాలి వదలండి బాబాయ్ గారూ. మామూలుగా వదిలాకే చూడాలి."

తలూపాను గానీ వదల్లేదు. ఆ అమ్మాయి ఆగింది. మా ఆవిడ ఆగింది. పాల ప్యాకెట్లతో వెళ్తున్న ఎదురింటి మాస్టారు కూడా మా గేటు దగ్గర ఆగారు.

లుంగీని ఇన్నాళ్లూ నిలబెడుతున్నది ముడి కాదు, పొట్టేనని నాకప్పుడు తెలిసింది. పొట్ట లోపలికి పోయేసరికి అది జెండా దించినట్టు నింపాదిగా దిగింది. పట్టుకోబోయి ఊపిరి వదిలేశాను. పొట్ట తన చోటికి తానొచ్చి టేపుని బిగించింది.

"కదలకండి! 103!" అంది ఆ అమ్మాయి, టేపు మీంచి కళ్లెత్తకుండా.

మగాళ్లకి 90 సెంటీమీటర్ల దాకా సున్నా, 91 నుంచి 100 వరకు ఒకటి, దాటితే రెండు మార్కులు. బళ్లో కూడా నాకింత సులువుగా పూర్తి మార్కులు పడలేదు. అంగుళాల్లో ఎంతమ్మా అంటే నలభైన్నర అంది.

ఆడవాళ్లకి 80 దాకా సున్నా. మా ఆవిడకి 79 వచ్చింది. ఆవిడ గాలి వదిలిందో లేదో మాత్రం నేను చూళ్లేదు, లుంగీ కట్టుకునే పనిలో ఉన్నాను.

తల ఎత్తేసరికి మాస్టారు లేరు. రెండు నిమిషాల్లో ప్యాంటేసుకుని, బెల్టు బిగించి, వాళ్ల అరుగు మీద కూర్చుని కనిపించారు.