ప్లాస్మా పనిచేయదని ముందే తేలింది

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు, మన వాట్సాప్ గ్రూపులు గుర్తున్నాయా? "బి పాజిటివ్ ప్లాస్మా అర్జెంటుగా కావాలి" అని పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల రక్తంలోని ద్రవభాగాన్ని తీసి పేషెంటుకు ఎక్కించడమే ఈ ప్లాస్మా వైద్యం. డాక్టరే చీటీ రాసిస్తే ఇంట్లోవాళ్లు దాత కోసం తిరగక ఏం చేస్తారు? నా అభ్యంతరమల్లా ఆ చీటీ మీదే.

ఎందుకంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఈ ప్లాస్మా మీద చేసిన ప్లాసిడ్ అనే ట్రయల్ ఫలితాలు 2020 అక్టోబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మన దేశంలోనే 39 ఆసుపత్రులు, 464 మంది పేషెంట్లు. ప్లాస్మా ఎవరికివ్వాలో లాటరీ తీసినట్టు తేల్చారు. 28 రోజుల్లో జబ్బు ముదిరినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి ప్లాస్మా తీసుకున్నవారిలో 19 శాతం, తీసుకోనివారిలో 18 శాతం. "మావాడికి ప్లాస్మా ఎక్కించాకే తగ్గింది" అనేవాళ్లకు జవాబు ఆ రెండో గుంపు దగ్గరుంది.

ఇలాంటి ఫలితాలు వెతకడం కష్టమేమీ కాదు, వైద్య పరిశోధన పత్రాలను వెతికిపెట్టే పబ్‌మెడ్ వెబ్‌సైట్ ఉచితం. కాకపోతే "ప్లాస్మా పనిచేస్తుందా?" అని అడిగితే చాలదు. ఓ మోస్తరు కోవిడ్ ఉన్న మనిషికి మామూలు చికిత్సతో పాటు ప్లాస్మా కూడా ఇస్తే, ఇవ్వనివారికంటే ప్రాణాపాయం తగ్గుతుందా? అలా అడగాలి.

అదే పేపర్లో ప్లాస్మాను వెనకేసుకొచ్చేవాళ్లకు పనికొచ్చే సంగతులూ ఉన్నాయి. ఏడో రోజుకు ఆయాసం, నీరసం తగ్గినవారు, వైరస్ నెగెటివ్ అయినవారు ప్లాస్మా గుంపులోనే ఎక్కువ. అయితే ఎవరికి ప్లాస్మా ఎక్కుతోందో పేషెంటుకీ తెలుసు, డాక్టరుకీ తెలుసు. కొత్త వైద్యం అందిన మనిషి "కాస్త నయం" అనడం సహజమే కదా. ల్యాబ్ పరీక్ష అలా మాటకు లొంగదు, నిజమే. కానీ రిపోర్టు నెగెటివ్ రావడం వేరు, మనిషి ఇంటికి రావడం వేరు.

ప్లాసిడ్‌లో ఒక లోటుంది. దాతల ప్లాస్మాలో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో ఎక్కించే ముందు కొలవలేదు. "మంచి ప్లాస్మా ఇస్తే పనిచేసేదేమో" అన్న వాదన అలా బతికిపోయింది. బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ట్రయల్ దాన్నీ తేల్చింది. యాంటీబాడీలు ఎక్కువున్న ప్లాస్మానే వాడారు, 11,558 మంది మీద. మరణాలు రెండు గుంపుల్లోనూ 24 శాతమే.

డాక్టర్లనొక్కరినే అనలేం. సొంత ట్రయల్ ఫలితం చేతిలో ఉన్నా జాతీయ మార్గదర్శకాల్లో ప్లాస్మాకు చోటు దక్కుతూనే వచ్చింది. దాన్ని తీసేసింది 2021 మే 17న. రికవరీ వాళ్లు ప్లాస్మా కోసం కొత్త పేషెంట్లను చేర్చుకోవడం ఆపేసింది జనవరిలో. ఆ మధ్య నాలుగు నెలలూ మన దగ్గర దాతల వేట సాగింది.