సీటొచ్చింది కదా, ఇక మనిషి కూడా అయిపోతాడట!

పొద్దున మియాపూర్‌లో గృహప్రవేశానికి వెళ్లొచ్చాను. తిన్నది ఇంకా అరగలేదు. వంటవాళ్ల తప్పేం లేదు, గుత్తొంకాయ అద్భుతం. అరగనిది మా బావ మాట.

వాళ్లబ్బాయికి ఈ ఏడాది ఐఐటీలో సీటొచ్చింది. సంతోషమే, పిల్లాడు చచ్చేంత చదివాడు. బంతిలో ఓ పెద్దాయన "అంత దూరం ఒక్కడే ఉండగలడా బాబూ?" అని అడిగితే, మా బావ అప్పడం విరుస్తూ "అక్కడ అన్నీ వాళ్లే నేర్పిస్తారండీ. కమ్యూనికేషన్, లీడర్‌షిప్, పర్సనాలిటీ... నాలుగేళ్లలో వేరే మనిషై వస్తాడు" అన్నాడు. బండిని సర్వీసింగ్‌కి ఇచ్చినట్టు!

మరి ఉన్న మనిషిని ఏం చేశావు బావా?

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర వాడు నా పక్కన చేరాడు. అటూ ఇటూ చూసి మెల్లగా అడిగాడు: "మామయ్యా, హాస్టల్లో రూమ్మేట్‌తో మొదట ఏం మాట్లాడాలి?" పద్దెనిమిదేళ్లవాడు. ఆరు గంటల అడ్వాన్స్‌డ్ పరీక్షని నమిలేసినవాడు. "ఏ ఊరు అని అడుగు నాన్నా" అన్నాను. "తర్వాత?" అన్నాడు. సెల్‌ఫోన్‌లో నోట్ చేసుకుంటున్నాడు!

ఎక్కడినుంచి వస్తాయండీ మాటలు? ఇంటర్ రెండేళ్లూ ఉన్న ఆ రెసిడెన్షియల్ కాలేజీలో పక్కవాడితో నవ్వితే బయట నిలబెట్టేవారు. ఇంటికి ఫోను వారానికోసారి, ఐదు నిమిషాలు, వార్డెన్ ఎదురుగా. అందులో మూడు నిమిషాలు మార్కులకే పోయేవి. సంక్రాంతికి వస్తే "వాణ్ని కదిలించకండి, గ్రాండ్ టెస్టుంది" అని మా అక్క గుమ్మంలోనే కాపలా. కోడిపందేలు ఎలాగూ వద్దులెండి, కనీసం భోగిమంట దగ్గర నిలబడనివ్వాలా వద్దా?

అన్నట్టు, మొట్టమొదటి ఐఐటీ, ఖరగ్‌పూర్‌ది, 1951లో ఎక్కడ మొదలైందో తెలుసా? హిజ్లీ డిటెన్షన్ క్యాంపు భవనంలో. బ్రిటిష్‌వాళ్లు స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన చోటు. 1931లో ఇద్దరు ఖైదీలను అక్కడే కాల్చి చంపారు. ఆ తరం జైలుని కాలేజీ చేసింది. మనవాళ్లు కాలేజీల్ని జైళ్లు చేసి, పైగా లక్షల్లో ఫీజు కట్టి మరీ లోపలికి పంపిస్తున్నారు.

ఐఐటీవాళ్లని ఏమీ అనను. పాపం వాళ్లు క్లబ్బులు పెట్టారు, ఎన్‌ఎస్‌ఎస్ పెట్టారు, బీటెక్ వాళ్లకి హ్యుమానిటీస్ కోర్సులూ పెట్టారు. రేపు వీడు వెళ్లి ఫిలాసఫీ క్లాసులో కూర్చున్నాడనుకోండి, మా బావ మొదటి ప్రశ్న "ఇది ప్లేస్‌మెంట్స్‌కి పనికొస్తుందా?" అనే. పర్సనాలిటీ కావాలి, కానీ ప్యాకేజీలో కలిపి రావాలి. పదహారేళ్లప్పుడు పోయినదానికి సప్లిమెంటరీ పెట్టే ఐఐటీ ఉన్న 23లో ఒక్కటీ లేదు మరి.

ఇదంతా ఎందుకు అరుస్తున్నానంటే... సరే, చెప్పేస్తాను. పోయినేడాది మా నాన్న పోయాడు. వీడికి పన్నెండు రోజులు అయ్యేదాకా చెప్పలేదు. "టెస్టులున్నాయి, డిస్టర్బ్ అవుతాడు" అన్నాడు బావ. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ మా నాన్న "చిన్నోడు ఎప్పుడొస్తాడ్రా?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఆదివారం నాన్నా" అని చెప్పింది నేనే. రెండు ఆదివారాలు చెప్పాను. మూడోది రాలేదు. చిన్నప్పుడు వాడికి సైకిలు నేర్పింది ఆయనే, వీధి చివరిదాకా వెనకాల పరిగెత్తి, మోకాళ్లకి అమృతాంజనం రాసుకుని పడుకునేవాడు.

అప్పుడు నేను గట్టిగా అడగలేదు. బావగారు కదా, అక్క కాపురం కదా అని నోరు మూసుకున్నాను.

ఇది టైపు చేస్తుండగానే ఫ్యామిలీ గ్రూపులో ఫ్లెక్సీ డిజైను వచ్చింది, కాలనీ గేటు దగ్గర కట్టిస్తారట. మధ్యలో కోటు వేసుకున్న మేనల్లుడు, వాడిది కాని కోటు, ఫొటోషాపుది. పై మూలన దండతో మా నాన్న ఫొటో. కింద పసుప్పచ్చ అక్షరాల్లో "తాతయ్య ఆశీస్సులతో".

ఇప్పటికి పద్నాలుగు మంది దండాలు పెట్టారు. "బ్రదర్, నువ్వు చూశావా?" అని బావ నన్ను ట్యాగ్ చేశాడు.