మహారాజశ్రీ బెట్టింగ్ క్యాలిక్యులేటర్ గారి దివ్య సముఖమునకు

అయ్యా,

రేటు, పెట్టే సొమ్ము కొడితే గెలిచాక ఎంతొస్తుందో చూపే వెబ్ పేజీ అయిన తమరికి ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల పందెంరాయుళ్ల తరఫున దండాలు.

మొన్న ఆదివారం ఐపీఎల్ రెండు మ్యాచులు. మధ్యాహ్నం మూడున్నరకొకటి, రాత్రి ఏడున్నరకొకటి. గడియారం చౌరస్తా చాయ్ హోటళ్లలో పొద్దటి నుంచి జరిగిందల్లా తమరి సేవే. ఆ రెండు మ్యాచులు, వాటికి తోడు ఊరి పేరు పలకడానికి నోరు తిరగని యూరప్ ఫుట్‌బాల్ మ్యాచులు మూడు, ఒక్కోటి 1.90 రేటు (గెలిస్తే రూపాయికి అసలుతో కలిపి రూపాయి తొంభై పైసలు) చొప్పున, ఐదూ గెలిస్తేనే పైసలొచ్చే ఒకే చీటీలో కట్టారు. వెయ్యి అని కొట్టగానే తమరు 24,761 అని ఆకుపచ్చ రంగులో వెలిగారు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టారు, దాంతో ఏ ఫోన్ కొనాలో కూడా తేల్చుకున్నారు. మూడున్నర మ్యాచ్‌తోనే చీటీ పోయింది. మిగతా నాలుగు గెలిస్తేనేం, ఓడితేనేం.

తప్పు తమరిది కాదు. 1.90ని ఐదుసార్లు వేసి హెచ్చవేస్తే 24.76 వస్తుంది, అందులో పైసా తేడా లేదు. తమరి లెక్క తప్పని ఇంతవరకు ఎవరూ అనలేదు, మేమూ అనడం లేదు. ఈ ఉత్తరం రాయడంలో ఉన్న ఇబ్బందే అది.

ముందు చిన్న చిన్న విన్నపాలు. తమరు 'రిటర్న్' అని చూపే అంకెలో మేం పెట్టిన అసలు కూడా కలిసి ఉంటుంది. 1.20 రేటుకు వెయ్యి పెడితే 1,200 అని వెలుగుతుంది. లాభం 200. ఒక్కసారి పోయిందంటే ఆ వెయ్యి రాబట్టడానికి ఐదుసార్లు గెలవాలి. అంటే ఆరింట్లో ఐదు గెలిచినవాడు ఎక్కడ బయల్దేరాడో అక్కడే ఉంటాడు. 'ఇరవై పైసలే అన్నా, కానీ పక్కా' అనే తమ్ముళ్లకు ఈ సంగతి తమరే చెప్పాల్సింది. చెప్పరు.

రేటు రాసే పద్ధతుల్లో తమరికి 1.90 లాంటి డెసిమల్ వచ్చు, ఇంగ్లండ్ గుర్రప్పందేల 5/2 వచ్చు, అమెరికా వాళ్ల +150 వచ్చు. మన దగ్గర ఫోన్ ఎత్తితే వినపడే 'ఎనభై, ఎనభై రెండు' మాత్రం రాదు. పేరు చెప్పిన టీమ్ మీద వంద లగాయీ (గెలుస్తుందని పందెం) చేస్తే, గెలిస్తే 80 లాభం. అదే టీమ్‌ను ఖాయీ (ఓడుతుందని పందెం) చేస్తే, అది గెలిస్తే 82 మనం కట్టాలి, ఓడితే వంద మనకొస్తుంది. తమరి భాషలో మొదటిది 1.80, రెండోది, అంటే ఎదుటి టీమ్ మీద పెట్టినట్టే కనుక, ఇంచుమించు 2.22. ఇది తెలియని పిల్లగాడు డబ్బాలో 80 అని కొడితే, తమరు ఏమాత్రం తొణక్కుండా వెయ్యికి 80,000 చూపిస్తారు. 0.80 అని కొడితే 800 చూపిస్తారు. గెలిచి రెండు వందలు పోగొట్టుకునే పందెం లోకంలో ఎక్కడైనా ఉందా? అక్కడొక ఎర్ర గీత గీస్తే తమరి సొమ్మేం పోయింది?

సరే, ఇవన్నీ వదిలేస్తాం. వదల్లేనిది ఒకటుంది. తరుగు.

మిర్యాలగూడ మిల్లు దగ్గరైనా, ఊళ్లో వడ్లు కొనే ఐకేపీ కేంద్రం దగ్గరైనా, బస్తాకు కిలో తరుగు తీస్తామంటే రైతు రోడ్డు మీద కూర్చుంటాడు. తేమెంత, తాలెంత, కాంటా ఎవరిది అని నిలదీస్తాడు. అదే రైతు కొడుకు ఫోన్‌లో నూటికి ఐదు తరుగు ఇచ్చి, ఇచ్చినట్టు కూడా తెలియకుండా లేచి పోతున్నాడు. తమరు పక్కనే ఉండి చూస్తున్నారు.

టాస్‌నే తీసుకోండి. బొమ్మా బొరుసా, సగం సగం. న్యాయంగా రేటు 2.00 ఉండాలి. ఉండేది అటు 1.90, ఇటు 1.90. వందను 1.90తో భాగిస్తే 52.63. రెండు వైపులవీ కలిపితే 105.26. వందకు పైన ఉన్న ఆ 5.26 ఎక్కడిది? బుకీది. నమ్మకం కుదరకపోతే రెండు వైపులా వెయ్యి చొప్పున పెట్టినట్టు లెక్క వేయండి. రెండు వేలు పోసి 1,900 తెచ్చుకుంటారు. నాణెం ఎటు పడ్డా వంద పోయింది, అంటే పెట్టినదాంట్లో నూటికి ఐదు. ఈ కోతకు అదృష్టంతో, పిచ్‌తో, కెప్టెన్‌తో సంబంధం లేదు. ఆట మొదలవకముందే కోసేశారు.

ఇప్పుడు ఐదు కలిపి చీటీ కడితే? ఒక్కో పందెంలో రూపాయికి మిగిలేది 95 పైసలు కాబట్టి 0.95ని ఐదుసార్లు హెచ్చవేయండి, 0.774 మిగులుతుంది. తరుగు నూటికి ఐదు కాస్తా 22.6 అయింది. పది కడితే నూటికి నలభై. ఒక్కో మ్యాచ్ కలుపుతున్నకొద్దీ తమరి పచ్చ అంకె ఉబ్బుతుంది, దాని వెనక తరుగు కూడా ఉబ్బుతుంది. ముందుది మాత్రమే కనపడుతుంది. యాప్‌ల వాళ్లు 'ఇంకో మ్యాచ్ కలపండి, బోనస్ ఇస్తాం' అని బతిమాలేది మా మీద ప్రేమతో కాదు మరి.

సగం సగం ఛాన్సున్న ఐదు పందేలూ ఒకేసారి రావడం 32లో ఒక్కసారి. న్యాయమైన రేటు 32. తమరు చూపింది 24.76. వెయ్యి చొప్పున 32 చీటీలు కట్టినవాడు 32,000 పోసి, లెక్క ప్రకారం ఒక్కసారి గెలిచి, 24,761 తెచ్చుకుని, 7,239 తరుగు కింద వదిలిపెట్టి ఇంటికొస్తాడు. ఆ ఒక్క చీటీని పచ్చగా చూపారు, సంతోషం. మిగతా 31 చీటీలేవండీ? తమరి దగ్గర వాటికి జాగా లేదా?

బోనస్‌కూ ఇదే లెక్క. ఐదు వేలు వేస్తే ఐదు వేలు ఉచితం, రెండూ కలిపి పదిసార్లు తిప్పాలి అని చిన్నక్షరాల్లో ఉంటుంది. అంటే లక్ష రూపాయల పందెం. లక్షకు నూటికైదు తరుగు ఐదు వేలు. ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో లాక్కున్నారు.

తమరి బంధువుల్లో రెట్టింపు లెక్కల వాడొకడున్నాడు. పోతే రెట్టింపు పెట్టు, ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు, పోయిందంతా ఒక్క దెబ్బకు వస్తుంది అంటాడు. రేటు 2.00 అయితే వస్తుంది, అప్పటిదాకా చేతిలో పైసలుంటే. 1.90కి వేసి చూడండి. 500, 1,000, 2,000, 4,000, నాలుగూ పోతే 7,500. ఐదోసారి 8,000 పెట్టి గెలిస్తే లాభం 7,200. గెలిచాక కూడా 300 బాకీ. ఆరోసారికి గెలిస్తే 1,100 బాకీ. ఇదంతా తెలిసీ ఆ మహానుభావుడు రేటు డబ్బాలో ముందే 2.00 పెట్టి కూర్చుంటాడు.

కెల్లీ డబ్బా ఇంకో రకం. 1956లో బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధనశాలలో జాన్ కెల్లీ రాసిన సూత్రం, గట్టిదే. గెలిచే అవకాశం ఎంతో మీరు చెప్పండి, ఎంత పెట్టాలో నేను చెబుతా అంటుంది. 1.90 రేటుకు 52 శాతం అని కొడితే మైనస్ చూపిస్తుంది. పెట్టొద్దు అని అర్థం. మనవాడు పందెం మానేస్తాడా? 52 చెరిపి 55 కొడతాడు. చేతిలో ఉన్నదాంట్లో 5 శాతం పెట్టమంటుంది. 60 కొడతాడు, పదిహేనున్నర శాతం. 'కెల్లీ కూడా ఓకే అన్నాడు.' ఆ 60 ఏ చెట్టు మీంచి కోసుకొచ్చాడో తమరు అడగరు. 2024 మార్చి 27న ఉప్పల్‌లో ముంబై మీద 277 బాదిన సన్‌రైజర్స్, అదే ఏడాది మే 26న చెన్నైలో ఫైనల్లో 113కే చాప చుట్టేసింది. ఆ టీమ్‌కు శాతం కట్టగల మొనగాడెవరో చూపించండి, వెళ్లి కాళ్లకు మొక్కుతాం.

వాన సంగతి చెప్పక్కర్లేదు. ఐదింట్లో ఒక మ్యాచ్ రద్దయితే దాని రేటు 1.00 అవుతుంది, మిగతా నాలుగూ గెలిచినా 24,761 కాస్తా 13,032. ఒకే మ్యాచ్‌కు ఒక చోట ఒక టీమ్ మీద 2.10, ఇంకో చోట ఎదుటి టీమ్ మీద 2.05 దొరికితే, పది వేలను 4,940, 5,060గా విడదీసి ఎవరు గెలిచినా 373 మిగులుతుందని చెబుతారే, అది కాగితం మీద నిజమే. మొదటిది పెట్టి రెండోది తెరిచేలోపు ఆ 2.05 పడిపోయి 1.90 అవుతుంది. అప్పుడు అటువైపు గెలిస్తే 386 నష్టం. పైగా వాన పడితే ఒకడు డక్‌వర్త్ లూయిస్ ఫలితం లెక్క అంటాడు, ఇంకొకడు పందెం రద్దంటాడు.

మరి మిత్తి? నూటికి మూడు రూపాయలకు తెచ్చిన ఇరవై వేలకు నెలకు ఆరు వందలు, గెలిచినా ఓడినా. పన్ను? పందెం గెలుపు మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. తమరి పచ్చ అంకెలో అసలు తీసేస్తే మిగిలే 23,761కి పన్ను 7,413. చట్టం? తెలంగాణ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లోనే సవరించి ఆన్‌లైన్ పందేలను అందులోకి లాగింది. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. పైసలతో ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. అందుకని మా పిల్లలు లొకేషన్ మార్చి, వీపీఎన్ పెట్టి, ఏ సముద్రంలోని ఏ ద్వీపానిదో తెలియని సైట్‌లోకి పోయి, ఎవరిదో ముక్కూమొహం తెలియని ఖాతాకు యూపీఐ కొడుతున్నారు. గెలిచాక విత్‌డ్రా పెండింగ్ అని వస్తే ఏ స్టేషన్‌కు పోయి ఏమని దరఖాస్తు రాస్తారు? ఒకవేళ వచ్చినా, పంపినవాడి ఖాతా సైబర్ కేసులో ఉంటే తీసుకున్నవాడి ఖాతా కూడా ఫ్రీజ్. ఇచ్చేవాడు ఇస్తాడా అనే దానికి తమరి దగ్గర డబ్బా ఉందా?

ఇంతసేపు తమరు తమరు అన్నం. చాలు.

నీ పేజీ కింద 'ఇప్పుడే పందెం కాయండి' అని పచ్చ బటన్ ఎందుకున్నదో మాకు తెల్వదా? ఆ బటన్ నొక్కి పోయినోడు పోగొట్టుకున్న దాంట్ల వాటా. బుకీలు నీలాంటి సైట్లకు కమీషన్ ఇచ్చేది చాలా చోట్ల గట్లనే. మా పోరగాళ్లు ఎంత ఓడితే నీకంత పండుగ. లెక్క రాక కాదు నువ్వు ఓటమి చూపియ్యంది. పత్తి అమ్మిన పైసలు, చిట్టీ ఎత్తిన పైసలు, పాలమూరు నుంచి బొంబాయి పోయి ఇటుకలు మోసి పంపిన పైసలు నీ 'స్టేక్' డబ్బాల పడుతున్నయి. అవి ఎవరివో నీకక్కెర లేదు, పోనీ. నూటికి ఎంత కోస్తున్నరో చెప్పనీకె నోరు రాదా? ఎంత పెద్ద లెక్కనది? రెండు భాగహారాలు, ఒక కూడిక! ఐదో తరగతి పోరడు చేస్తడు. యాభై రకాల పందేలకు, ముప్పై రకాల బోనస్‌లకు డబ్బాలు పెట్టినోనివి, దీనికి మాత్రం చెయ్యి రాకపాయె.

చెయ్యి రాకపాయె అంటే అబద్ధమే. నీ మెనూలనే, ఎక్కడో అడుగున, 'మార్జిన్' అని ఒక డబ్బా ఉంటది. అటు 1.90, ఇటు 1.90 కొడితే 5.26 అని మొహం మీద చెప్తది. ఎవడికీ భయపడది, ఎవన్నీ మోయది. బుకీ చెప్పడు, టెలిగ్రామ్‌ల టిప్పులు అమ్ముకునే అన్న చెప్పడు, యాడ్‌ల నవ్వుకుంట నిలబడ్డ స్టార్ చెప్పడు. గింత మందిల నిజం చెప్పేది నువ్వొక్కనివే, అందుకే నీ మీద కోపం ఎక్కువ. తెలిసి దాచినోనివి.

గా డబ్బాను అడుగు నుంచి తీసి మొదటి పేజీల పెట్టు. రేటు కొట్టంగనే అదే ముందు రావాలె, రిటర్న్ తర్వాత. 24,761 అని ఎంత లావు అక్షరాలతోటి రాస్తున్నవో గంతే లావుతోటి దాని కిందనే రాయి: 32 చీటీలల్ల 31 పోతయి, తరుగు 7,239. రంగు నీ ఇష్టం.

ఇట్లు,
తరుగు అడగనీకె వచ్చినోళ్లు