మాది కుర్ర జట్టండీ!

శనివారం రాత్రి ఫుటీలో, అదే ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్లో, మా జట్టు మళ్లీ చిత్తుగా ఓడింది. ఓడడం కొత్త కాదు, దానికి ఒళ్లు అలవాటు పడిపోయింది. కానీ ఆట అయ్యాక కోచ్ గారు మైకుల ముందు కూర్చుని, పెళ్లిచూపుల్లో అబ్బాయి తండ్రంత నిబ్బరంగా, మాది కుర్ర జట్టు, ఇంకా నేర్చుకుంటోంది అన్నాడు. పోయినేడాదీ ఇదే మాట. అంతకు ముందేడాదీ ఇదే. నేను మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన ఈ జట్టును నాకు అంటగట్టాడు. ఈలోగా నా తల నెరిసింది, మా అబ్బాయికి మీసాలొచ్చాయి, జట్టు మాత్రం ఇంకా కుర్రదే. యముణ్ణి తప్పించుకుని పదహారేళ్ల దగ్గర ఆగిపోయినవాడు మార్కండేయుడు ఒక్కడే అనుకునేవాణ్ణి. ఒక క్లబ్బుకు క్లబ్బే ఆ వరం కొట్టేసిందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

జట్టు పేరు అడక్కండి, ఇంట్లో పెళ్లి కావలసిన పిల్లలున్నారు.

ఫుటీ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కోడిగుడ్డు ఆకారంలో మైదానం, జట్టుకు పద్దెనిమిది మంది, ఇటు నాలుగు అటు నాలుగు స్తంభాలు. నడిమి రెండింటి మధ్యలోంచి తంతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా, పాపం అని ఒక పాయింటు ఇస్తారు. తప్పుకు కూడా మార్కులేసే ఇంత దయగల ఆటలో 2023లో వెస్ట్ కోస్ట్ జట్టు సిడ్నీ చేతిలో 171 పాయింట్ల తేడాతో ఓడింది. అంత ఓటమి ఆషామాషీగా రాదు, సాధన ఉండాలి.

మరి ఇలాంటి జట్లు బాగుపడేదెలా? పెద్దలు కనిపెట్టిన మార్గం ఒకటుంది: ఇంకా బాగా ఓడడం. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టే డ్రాఫ్టులో, అంటే ఏటా క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఏరుకునే చోట, అందరికంటే ముందు కుర్రాణ్ణి ఏరుకుంటుంది. అప్పట్లో దీనికి బోనస్ కూడా ఉండేది. వరసగా రెండేళ్లు నాలుగు విజయాలు దాటకపోతే, మొదటి రౌండు కంటే ముందే ఇంకొకణ్ణి తీసుకోవచ్చు. మెల్‌బోర్న్ క్లబ్బు 2008లో మూడు గెలిచింది, 2009లో సరిగ్గా నాలుగు. మా ఊళ్లో రేషన్ కార్డు కోసం ఆదాయం తగ్గించి రాయించుకునేవాళ్లు కూడా ఇంత కచ్చితంగా లెక్క కుదర్చలేరు.

2009 ఆగస్టు 2న రిచ్‌మండ్‌తో ఆట. చివరి సైరన్ మోగిపోయింది. మెల్‌బోర్న్ ముందంజలో ఉంది. రిచ్‌మండ్ ఆటగాడు జోర్డన్ మెక్‌మాన్ చేతిలో బంతి, ఒక్క తన్ను మిగిలింది. ఇప్పుడు గ్యాలరీలో కూర్చున్న మెల్‌బోర్న్ అభిమాని టెన్షన్ ఊహించుకోండి. మెడలో ఎరుపు నీలం మఫ్లర్. పక్కన పదేళ్ల కొడుకు. ఆ పిల్లాడు గోలు పడకూడదని కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడు. తండ్రి కూడా కళ్లు మూసుకున్నాడు గానీ ఆయన మొక్కు వేరు. మావాడు పరీక్ష తప్పితే కొండకొచ్చి గుండు చేయించుకుంటాను స్వామీ అని మొక్కుకునే తండ్రిని మీరెక్కడైనా చూశారా? బంతి నడిమి స్తంభాల మధ్యలోంచి పోయింది. నాలుగు పాయింట్లతో ఓటమి. కొడుకు ఏడుస్తున్నాడు, తండ్రి ఓదారుస్తూ మనసులో పాయసం తాగుతున్నాడు. ఇంటికి వెళ్లేదాకా రైల్లో ఆ పిల్లాడికి ఏం చెప్పి ఉంటాడన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

దీని మీద లీగ్ విచారణ కూడా జరిపింది. కావాలని ఓడలేదని 2013లో తేల్చింది. తేల్చి, 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. దొంగతనం జరగలేదు గానీ సొత్తు తిరిగిచ్చేయమన్న తీర్పు ఇది.

ఇంతకీ ఏరుకున్న కుర్రాళ్ల సంగతి? 2008 డ్రాఫ్టులో మెల్‌బోర్న్ మొట్టమొదట తీసుకున్నది జాక్ వాట్స్‌ను. మరుసటి ఏడాది జూన్‌లో, రాణి పుట్టినరోజు సెలవు నాడు, కాలింగ్‌వుడ్ జట్టు మీద, మెల్‌బోర్న్‌లోని పెద్ద మైదానం ఎంసీజీలో అతణ్ణి దింపారు. పన్నెండో క్లాసు చదువుతున్న పద్దెనిమిదేళ్ల బక్కపిల్లాడు. వీడియో చూశాను. బంతి చేతికి అందీ అందగానే కాలింగ్‌వుడ్ వాళ్లు ముగ్గురు మీద పడి నేలకేసి అదిమేశారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల పనే అది. ఆ పిల్లాణ్ణి అక్కడికి పంపిందెవరండీ? ఎముక ముదరని కుర్రాణ్ణి పోస్టర్ మీద వేసి, వీడే మన భవిష్యత్తు అని టికెట్లమ్మి, అతను దేవుడు కాదని తెలియగానే ఏళ్ల తరబడి వెక్కిరించిన ఈ ఊరికి సిగ్గుండొద్దా? ఓడించింది పెద్దలు. జీతాలు తీసుకున్నదీ పెద్దలే. మోయమన్నది మాత్రం హోంవర్క్ చేసుకునే పిల్లాణ్ణి!

2009లో ఆ నాలుగు విజయాల పుణ్యాన మొదటి ఇద్దరినీ మెల్‌బోర్నే ఏరుకుంది. టామ్ స్కల్లీ రెండేళ్లు ఆడి, కొత్తగా పెట్టిన గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి వెళ్లిపోయాడు. జాక్ ట్రెంగోవ్‌ను ఇరవై ఏళ్లకే కెప్టెన్లలో ఒకణ్ణి చేసి, మునిగే పడవ చుక్కాని చేతికిచ్చారు. ఈ మధ్యలోనే, 2011 జులైలో, గీలాంగ్ చేతిలో 186 పాయింట్ల ఓటమి. కోచ్‌ను పీకేశారు.

చివరికి 2021లో, 57 ఏళ్ల తర్వాత, మెల్‌బోర్న్ కప్పు గెలిచింది. పైకెత్తిన కెప్టెన్ మ్యాక్స్ గాన్. ఆయనా ఆ 2009 డ్రాఫ్టులో వచ్చినవాడే. ఎన్నో నంబరు? 34. అందరూ ఏరుకోగా మిగిలిన గంపలో దొరికిన పొడుగాటి కుర్రాడు. మోకాలు బాగుచేయించుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా ఎదిగాడు. 34వ నంబరు కోసం ఎవరూ ఓడక్కర్లేదు, గుండు మొక్కూ అక్కర్లేదు.

ఇవన్నీ రాసి మా క్లబ్బుకు పంపుదామని కూర్చునేసరికి వాళ్ల దగ్గర్నుంచే మెసేజ్ వచ్చింది, వచ్చే ఏడాది సభ్యత్వం రుసుం కట్టమని. కడతాను, కట్టక చస్తానా. కాకపోతే పెద్దల రేటు వేశారు. జట్టేమో కుర్రది కదా, పిల్లల రేటుకు రాదా అని అడిగాను. ఇంకా జవాబు లేదు.