సవరణ: సూపర్‌నోవాల రేటు ఎలా కడతారు

దగ్గరి గెలాక్సీల్లో సూపర్‌నోవాలు (నక్షత్రాలు పేలిపోయే ఘటనలు) ఎంత తరచుగా జరుగుతాయో చెబుతూ, దొరికిన పేలుళ్ల సంఖ్యను గెలాక్సీల సంఖ్యతోనూ, సర్వే (గెలాక్సీలను టెలిస్కోపుతో పదేపదే ఫొటో తీసి చూసే పని) నడిచిన ఏళ్లతోనూ భాగిస్తే చాలని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు.

భాగించాల్సింది సర్వే నడిచిన ఏళ్లతో కాదు, 'కంట్రోల్ టైమ్'తో. అంటే ఒక గెలాక్సీలో పేలుడు జరిగి ఉంటే మన టెలిస్కోపుకు తప్పకుండా చిక్కి ఉండే కాలం. ఏడాదికి ఒక్క ఫొటోయే తీశామనుకోండి, లెక్కకొచ్చేది ఏడాది కాదు, ఆ వెలుగు కనబడేంతగా నిలిచే కొద్ది వారాలో నెలలో మాత్రమే. టైప్ 1ఏ పేలుళ్లు (శ్వేత మరుగుజ్జు అనే చనిపోయిన నక్షత్రం పేలేవి) బాగా ప్రకాశిస్తాయి కాబట్టి ఎక్కువ కాలం కనిపిస్తాయి. మసక రకాలకు ఆ కాలం తక్కువ. అందుకే రకానికో కంట్రోల్ టైమ్ వేరుగా కట్టాలి. దాన్ని వదిలేస్తే రేటు అసలుకన్నా తక్కువ వస్తుంది. ధూళి దాచేసిన పేలుళ్ల సంగతి మరో చిక్కు.

కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీ సర్వే 2011లో వెలువరించిన పత్రాల్లో ఈ పద్ధతి వివరంగా ఉంది. వాటి ప్రకారం మన పాలపుంతకు వందేళ్లకు సుమారు మూడు పేలుళ్లు.

అన్ని గెలాక్సీలకూ ఒకే రేటు అన్నట్టు ఆ పోస్టు ధ్వనించింది, అదీ సరికాదు. నక్షత్రాలు జోరుగా పుట్టే ఎన్‌జీసీ 6946 అనే గెలాక్సీలో 1917 నుంచి 2017 వరకు పది సూపర్‌నోవాలు కనిపించాయి. కొత్త నక్షత్రాలు దాదాపు పుట్టని ఎలిప్టికల్ (గుడ్డు ఆకారపు) గెలాక్సీల్లో కనిపించేవి ఎక్కువగా టైప్ 1ఏలే.