ఉరి వద్దంటే నేరస్తుడి పక్షమేనా?

ఎక్కడైనా ఘోరం జరిగిన రోజు ఫోన్ తెరిస్తే చాలు, 'ఉరి తీయండి', 'ఎన్‌కౌంటర్ చేసేయండి'. వద్దన్నవాళ్లను అందరూ అడిగేది ఒకటే: "మీ ఇంట్లో ఆడపిల్లకు జరిగితే ఇలాగే మాట్లాడతారా?" మాట్లాడను. నా బిడ్డకు జరిగితే వాణ్ణి నా చేతులతోనే చంపాలనిపిస్తుంది. అందుకే ఆ రోజు తీర్పు చెప్పే కుర్చీలో నేను ఉండకూడదు. ఉరిశిక్షకు నేను పూర్తిగా వ్యతిరేకం, ఎంతటి నేరానికైనా సరే.

"ఆ తల్లిని అడగండి" అంటారు. సరే, అడుగుదాం. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. రాష్ట్రం అట్టుడికిపోయింది. చివరికి పోలీసులు ఎవరిని తెచ్చి నిలబెట్టారు? నరాల జబ్బుతో నడవడానికే ఇబ్బంది పడే ఓ పేద కుర్రాణ్ణి. 2010లో అతనికి యావజ్జీవం పడింది. "చంపింది వీడు కాదు, అసలువాళ్లను వదిలేశారు" అని ఏళ్ల తరబడి మొత్తుకున్నది ఎవరో కాదు, చనిపోయిన అమ్మాయి కన్నతల్లి. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. జనం ఆవేశం చూసి అతనికి ఉరి వేసి, అమలు కూడా చేసేసి ఉంటే, ఆ తీర్పు కాగితం తీసుకెళ్లి ఎవరి చేతిలో పెట్టేవాళ్లు?

సుప్రీంకోర్టు దాకా వెళ్తే నిజం తేలిపోతుందన్న ధైర్యం కూడా నాకు లేదు. మహారాష్ట్రలో ఓ హత్యల కేసులో సంచార జాతికి చెందిన ఆరుగురికి 2009లో ఉరి ఖాయం చేసింది సుప్రీంకోర్టే. వాళ్లలో ముగ్గురికి హైకోర్టు తగ్గించిన శిక్షను మళ్లీ ఉరికి పెంచింది కూడా. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులంది. అప్పటికి వాళ్లు అరెస్టయి పదహారేళ్లు గడిచిపోయాయి.

ఇక అప్పటి మన గుంటూరు జిల్లా సంగతి చూడండి. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఇద్దరు దళిత యువకులు ఆర్టీసీ బస్సును దోచుకోబోయి, పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. ఆ నేరాన్ని తక్కువ చేసి చెప్పడం నావల్ల కాదు. రెండున్నరేళ్లలో ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. తేదీ కూడా పెట్టాక, ఆఖరి ఘడియల్లో ఆగింది. పౌరహక్కులవాళ్లు పట్టువదలకుండా తిరిగితే 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

అదే జిల్లాలో అంతకు రెండేళ్ల ముందు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాల్వలో పడేశారు. తీర్పు రావడానికి పదహారేళ్లు పట్టింది. నిందితులు అగ్రకులాలవాళ్లు. వాళ్లలో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరు నిందితుల్ని ఉరి తీయాల్సిందని నేననడం లేదు. ఉరికంబం దాకా వెళ్లింది ఎవరో, ఇంటికి వెళ్లింది ఎవరో చూడమంటున్నాను. ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ 2016లో దేశంలోని ఉరిశిక్ష ఖైదీల మీద అధ్యయనం చేస్తే, నాలుగింట మూడొంతుల మంది గతిలేనివాళ్లే. మంచి లాయర్‌ను పెట్టుకోలేని మనిషికి పడే శిక్షను న్యాయం అనడానికి నాకు నోరు రాదు.

హైదరాబాద్ శివార్లలో వెటర్నరీ డాక్టర్‌ను అత్యాచారం చేసి చంపిన దిశ కేసులో అయితే నిందితుల్ని కోర్టు దాకా కూడా రానివ్వలేదు. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురినీ కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లారు. అది కావాలని చంపడమేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అంతకన్నా నాకు కడుపు మండే విషయం ఇంకొకటుంది. ఆ అమ్మాయి కనిపించకుండా పోయిన రాత్రి ఎఫ్ఐఆర్ రాయడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. ఇది ఎంతమందికి గుర్తుంది? ఆడపిల్లల్ని కాపాడేది ఆ మొదటి గంట. మనం దాన్ని వదిలేసి తూటాలకు చప్పట్లు కొట్టాం.

"అయితే వదిలేయమంటావా?" అనొద్దు. వదలొద్దు. హనుమకొండలో తొమ్మిది నెలల పసిబిడ్డను అత్యాచారం చేసి చంపిన కేసులో 2019లో హైకోర్టు ఉరిని తగ్గించి, వాడు చచ్చేదాకా జైల్లోనే ఉండాలంది. నేను అడిగే శిక్ష అదే. వాడు మళ్లీ బయటికొచ్చి ఎవరి మీదా చెయ్యి వేయలేడు. అదే శిక్ష రేపు ఇంకెవరికైనా పొరపాటున పడిందని తేలితే, విడిచిపెట్టడానికి మనిషి ప్రాణాలతో ఉంటాడు.